బండ మీద అరిగిన క్లచ్

ఇలాంటి ఒప్పుకోళ్లు రాసేవాళ్లు గుండెల మీద కొండంత బరువు ఉందంటారు. నాది కొండంత కాదు. క్లచ్ ప్లేటంత. అన్నం తినే పళ్లెం కన్నా కాస్త చిన్నది. అయినా ఇన్నేళ్లుగా దించుకోలేకపోయాను. ఒక చివర మీరు పట్టుకోండి.

హోసూరులో కృష్ణగిరి రోడ్డు మీద మునెప్ప మేస్త్రీ షెడ్డులో నేను పని నేర్చుకున్నాను. మేస్త్రీ బండి విప్పేముందు చెవి పెట్టి వినేవాడు. విని చెప్పింది తప్పేది కాదు. నాకప్పుడు ఇరవై నిండలేదు. నా నోటికి మాత్రం నలభై దాటింది.

కెలమంగలం దగ్గర తోటలున్న ఒకాయన రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు. ఇంగ్లండులో బిగించిన క్లచ్‌ను ఇంతవరకూ ఎవరూ విప్పలేదని ఆయన తన వంశం గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాడు. మిట్ట ఎక్కేటప్పుడు ఇంజిను అరిచేది, బండి మాత్రం కదిలేది కాదు.

మేస్త్రీ విన్నాడు. "ప్లేటుకేం కాలేదు సామీ. పెడల్ తొక్కకముందే బేరింగు గొణగతా ఉండాది. పెడల్‌కు ఆట లేదు, అందుకే క్లచ్ గట్టిగా పట్టడంలే. ఆ కడ్డీ కొంచెం వదులు చేస్తే సరిపోతాది."

"గొణిగేది నీ చెవిలో మేస్త్రీ," అన్నాను. "ప్లేటు అరిగిపోయింది. బెంగుళూరు నుంచి కొత్తది తెప్పించండి సామీ, నేనేస్తాను."

చుట్టూ ఉన్న లారీ డ్రైవర్లు నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. "ఏసుకో రా అప్పా. లోపల ప్లేటు బాగుంటే నీ మీసం గొరిగిస్తా."

"మీసం ఇంకా రాలేదే?"

"వచ్చేదాకా కాసుకోనుంటాలే."

"అరిగుంటే?"

"అరిగుంటే నేనింక ఇంజిను ముందర చెవి పెట్టను."

నవ్వుతూనే అన్నాడు. కానీ అందరి ముందూ అన్నాడు.

కొత్త ప్లేటు వచ్చిన రోజు మేస్త్రీ ఉద్దనపల్లిలో కూతురింటికి పోయి ఉన్నాడు. సీట్లు తీశాను, నేల పలకలు తీశాను, గేర్‌బాక్సును లోపలి నుంచే పైకి లాగాను. ఆ బండి మీద అంతకుముందు నా చెయ్యి పడింది లేదు. ఒక్క బోల్టు మిగలలేదు, ఒక్క బోల్టు తగ్గలేదు. ఇది ఒప్పుకోలు కాదు, గొప్పే. చెప్పుకోనివ్వండి.

పాత ప్లేటు చేతికొచ్చింది. దిట్టంగా ఉంది. ప్లేటు అరిగితే పైకి తేలే రివెట్లు ఇంకా లోతుగా, హాయిగా నిద్రపోతున్నాయి. కాళ్ల కింద భూమి కదిలిందని రాయొచ్చు. కదల్లేదు. ఆకలేసింది.

పోయేది రాని మీసమే కదా! దానికోసమా నేనంత పని చేసింది? కాదు, ఆ డ్రైవర్ల నవ్వుకు భయపడి చేశాను. షెడ్డు వెనక చేతులు కడుక్కునే బండ ఉంది. నీళ్లు చల్లి, ఆ మంచి ప్లేటును రెండు వైపులా దాని మీద అరగదీశాను. గీతలు నిలువుగా పడితే దొరికిపోతానని గుండ్రంగా తిప్పుతూ, రివెట్ల తలలు మెరిసేదాకా. ఏ పనీ అంత శ్రద్ధగా నేర్చుకోలేదు నేను. కొత్తది బిగించి పెడల్‌కు ఆట ఇచ్చాను, అచ్చం మేస్త్రీ చెప్పినంత. ప్లేటు ఇంగ్లండుదైనా బెంగుళూరుదైనా, ఆ ఆటతో బండి మిట్ట ఎక్కేదే.

తోట సామి కృష్ణగిరి దాకా పోయొచ్చి అందరి ముందూ నా భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయాను. దొంగ ఉబ్బే, కానీ లోపల గాలి మాత్రం నిజం.

మేస్త్రీ ఊరి నుంచి వచ్చి పాత ప్లేటు మీద బొటనవేలు తిప్పాడు. రివెట్ల దగ్గర వేలు ఆగింది.

"నాకు గొణిగినట్టే ఇనపడిందే అప్పా," అన్నాడు. ప్లేటు నా చేతిలో పెట్టి, "నువ్వే ఇను ఇంక," అన్నాడు.

ఆ మాట మీద నిలబడ్డాడు. ఆ తర్వాత ఏ బండి వచ్చినా బెంచీ మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తాడే తప్ప చెవి పెట్టడు. పందెంలో ఓడినందుకా? కాదు. తన చెవిని తానే నమ్మడం మానేశాడు. మనిషిలోంచి అంత పెద్ద వస్తువును నేను రక్తం చుక్క రాకుండా తీశాను. పనివాణ్ణి కదా!

ఇప్పుడు ఎక్కడో ఉన్న అంచెట్టి నుంచి కూడా నా చెవి కోసం బండ్లు వస్తాయి. నేను ఇంజిను మీద వంగి గట్టిగా అంటాను: "డైనమోనే అనుకుంటా." ఓరకంట బెంచీ మీది మేస్త్రీని చూస్తాను. తప్పయితే ఆయన దవడ కదులుతుంది, ఆపుకోలేడు. "కాదు కాదు, వాటర్ పంపు," అంటాను. దవడ కదలడం ఆగుతుంది. ఆ జబ్బే చీటీ మీద రాసుకుంటాను.

మా షెడ్డు మాట తప్పదని ఈ చుట్టుపక్కల పేరు. ఆ పేరు వింటే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది, ఎందుకంటే అది నిజం. ఆ చెవి మాత్రం నాది కాదు. ఏనాడూ కాదు. ఈ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పేశాను.