ఓవర్సీరు గారి పడక బండి

ఈ సంగతి ఇంతకుముందే రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. ఆటోనగర్‌లో లారీల బాడీ షెడ్డు నడిపినన్నాళ్ళూ టేపు మీద అంకెలు చదువుకునేదాన్ని, బండ్లను నంబర్లతో గుర్తుపట్టేదాన్ని. నా చదువంతా అంతే. పని మానేశాక మా వీధిలో ఆడవాళ్ళకు సాయంత్రం పూట చదువు చెబుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. మొదట షాపుల బోర్డులు చదివాను, తర్వాత పేపరు చదివాను, ఇప్పుడు రాస్తున్నాను. లారీ బాడీ ఎలా కడతారో చెప్పమని నన్ను చాలామంది అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది లారీ కాదు, జీపు వెనక తగిలించే ఒక చిన్న ట్రైలరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో షెడ్డు నా చేతికి వచ్చింది. మా ఆయన నాగూర్ అక్కడ మేస్త్రీ. లారీ టాపు మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. అప్పటిదాకా నా పని టార్పాలిన్లూ, సీట్లూ కుట్టడం. మాది దూదేకుల ఇల్లు. మా నాన్న పరుపులు కుట్టేవాడు కాబట్టి సూది నాకు కొత్త కాదు. పక్కనుండి చూసీ చూసీ వెల్డింగూ పట్టుబడింది. షెడ్డు లీజు మాత్రం మా బావగారు మస్తాన్ పేరున ఉండేది. పక్కనే ఆయన టైర్ల దుకాణం. దాన్ని మా షెడ్డులోకి పెంచుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

"ఆడమేస్త్రీ కట్టిన బాడీ ఎవడెక్కుతాడు సైదమ్మా? ఒక్క పని చేసి చూపించు. అది గనక తిరిగొచ్చిందా, తాళం నా చేతిలో పెట్టెయ్" అన్నాడు. నేను సరేనన్నాను. షెడ్డు పోతే మా ఆయన లేచాక వేరే షెడ్డులో కూలికి వెళ్ళాలి. మేస్త్రీగా బతికినవాడికి అది చిన్న మాట కాదు. ఆ మాట అన్న దగ్గర్నుంచి నేను ఒకచోట నిలవలేకపోయాను.

ఆ ఒక్క పనీ తెచ్చింది సుబ్బారావు గారు. కాలువల మీద ఓవర్సీరుగా చేసి రిటైరై, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాటులో ఉంటున్నారు. వేలంలో పాడుకున్న పాత జీపు ఒకటి ఉంది. దాని వెనక పడకా, వంటా రెండూ కుదిరే బండి కట్టాలి, అది తారు రోడ్డు మీద కాదు, కాలువ గట్ల మీద తిరగాలి అన్నారు. భార్య రాజ్యలక్ష్మి గారికి నడుము నొప్పి. నేల మీద పడుకోలేరు, ఒకరింట్లో పడుకోరు.

"ఆయనకు పక్కన నీళ్ళు పారుతుంటే గానీ నిద్ర పట్టదండీ. ఫ్లాటులో కుళాయి తిప్పి పడుకుంటున్నారు. కింది వాటా వాళ్ళు నన్ను తిడుతున్నారు" అందావిడ.

"ఇంటికి చక్రాలా, చక్రాలకి ఇల్లా?" అని చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు నవ్వారు. నేను కొలతలు తీసుకున్నాను.

లారీ విషయంలో కంపెనీ నుంచి వచ్చేది ఇంజనూ, చక్రాలూ, చాసీ అనే ఒట్టి అస్థిపంజరం. మిగతాదంతా మా షెడ్డులో తయారవుతుంది. దీనికి చాసీ కూడా మేమే కట్టాలి. స్క్వేర్ పైపుతో చట్రం అతికాను. తుక్కు జీపు ఇరుసు తెచ్చి వేశాను. జీపుకున్న టైర్లే దీనికీ పెట్టాను, స్టెప్నీ ఒకటే రెండింటికీ పనికొస్తుందని. పైన ప్లైవుడ్ గది, ఎత్తితే గుడారంలా లేచే టార్పాలిన్ కప్పు. వెనక తలుపు దించితే వంట బల్ల, దాని మీద డబ్బాలకు అరలు. పరుపుకు దూది నేనే నింపి కుట్టాను. ఇక ఇరుసుకూ చట్రానికీ మధ్య కుదుపు మింగడానికి కమాను కట్టలు ఉంటాయి. ఉక్కు ఆకులు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించినవి. పాత మినీ లారీవి గట్టివి దొరికితే వేశాను. ఆటోనగర్‌లో కమాను కట్టకు ఆకులు చేర్చడమే గానీ తీయడం ఎవరూ ఎరగరు. బియ్యం లారీలకు లోడు మీద లోడు వేస్తారు కాబట్టి అందరూ ఇంకో ఆకు వెయ్యమనేవారే.

ఏ బాడీ అయినా అప్పగించే ముందు లోడు ట్రయల్ వెయ్యడం మా ఆనవాయితీ. మేం దీన్నీ అలాగే చేశాం. లోపల ఇసక బస్తాలు పేర్చి బుడమేరు వాగు గట్టు మీద తిప్పాం. పడవలా సాగింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పంపించాం.

ఓవర్సీరు గారు అవనిగడ్డ దారి పట్టారు. రెండు రోజులు తిరక్కుండానే బండి షెడ్డు ముందుకు వచ్చింది. వెనక తలుపు దించి చూశాను. అరలు ఊడి వేలాడుతున్నాయి. పసుపూ, కందిపప్పూ, స్టవ్వులోని కిరసనాయిలూ కలిసి పరుపు మీద ఉన్నాయి. పచ్చడి జాడీ పగిలింది.

"గతుకు వచ్చినప్పుడల్లా మేకపిల్లలా ఎగిరిందమ్మా. గోంగూర పచ్చడి మీద ఎట్టా పడుకోమంటావు?" అంది రాజ్యలక్ష్మి గారు. ఓవర్సీరు గారు బండిని కాదు, దారినే చూస్తున్నారు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

బావగారు దుకాణంలోంచి వచ్చి చెయ్యి చాపాడు. తాళం ఇచ్చాను. ఇచ్చి, రేపు సాయంత్రం దాకా గడువు అడిగాను. ఆయన ఓవర్సీరు గారి వైపు చూశాడు. ఓవర్సీరు గారు భార్య వైపు చూశారు. "రేపటిదాకానే" అందావిడ.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెబితే, "ఎగురుతోందంటే బిగువు చాల్లేదు, ఇంకో ఆకు వెయ్యి" అన్నాడు. నాకు మింగుడు పడలేదు. దూది మరీ కూరితే పరుపు బల్లలా అవుతుందని మా నాన్న అనేవాడు. వండుకోవడం మానేసి మళ్ళీ షెడ్డుకు నడిచాను. బావగారు తాళం వేస్తున్నాడు. భారీ మనిషి. ఒక్కసారి బండి వెనక అంచు మీద నిలబడమన్నాను. ఎక్కి గెంతాడు కూడా. కమాను కట్ట చలించలేదు.

"చూశావా, లారీలా ఉంది!" అన్నాడు మెచ్చుకోలుగా.

"తప్పు అదే బావగారూ" అన్నాను.

ఇసక బస్తాలతో నడిపినప్పుడు ఆ బరువుకు కట్ట వంగింది, బండి మెత్తగా సాగింది. వాళ్ళు ఎక్కించిందల్లా పరుపూ, గిన్నెలూ, నీళ్ళ డ్రమ్మూ. ఆ కాస్త బరువుకు కట్ట వంగదు. గతుకు దెబ్బ తిన్నగా అరల్లోకి పోతుంది. ఆకులు తీస్తానంటే బావగారు నోరు వెళ్ళబెట్టాడు. "ఆకులు తీసిన షెడ్డని పేరొస్తుంది. విరిగితే కాలువలో పడతారు" అన్నాడు. ఆ భయం నాకూ ఉంది.

మర్నాడు ఇరుసుకు బిగించిన యూ బోల్టులు విప్పి కమాను కట్టలు దించాం. రెండు కొసలూ కళ్ళలా చుట్టి ఉండే మెయిన్ ఆకునూ, దాన్ని ఆనుకున్న వాటినీ ఉంచి, అడుగు ఆకులు ఒక్కొక్కటే తీస్తూ, ప్రతిసారీ బావగారిని ఎక్కించి చూశాను. ఆయన నిలబడితే కుంగి, దిగితే మెల్లగా లేచే దగ్గర ఆగాను. అరల ముందు అడ్డకమ్మీలు వేశాను. టైర్లలో గాలి తగ్గించాను. ఈసారి బస్తాలు వెయ్యలేదు. రాజ్యలక్ష్మి గారి డబ్బాలు ఆవిడ చేతే సర్దించి, డ్రమ్ము నింపించి, బల్ల మీద ఒక గ్లాసు నీళ్ళు పెట్టించాను.

ఓవర్సీరు గారు అదే బుడమేరు గట్టు మీద జీపు తోలారు. వెనకాల బావగారి స్కూటరు మీద నేను. కళ్ళు చక్రాల మీదే ఉన్నాయి. గట్టు కోసుకుపోయిన చోట ఒక చక్రం దిగబడి పైకి వచ్చింది. బండి పక్కకు ఒరిగి, సర్దుకుని, జీపు వెంట పోయింది. ఆగాక తలుపు దించాం. గ్లాసు పడిపోయింది. ఒక కొక్కెం ఊడింది. డబ్బాలన్నీ నిలబడే ఉన్నాయి. రాజ్యలక్ష్మి గారు పరుపును తడిమి చూసుకుని, "పచ్చడి జాడీ కొనుక్కుని పోదాం పదండి" అంది భర్తతో. ఆయన అప్పటికే జీపెక్కారు.

షెడ్డు దగ్గర స్కూటరు ఆపి బావగారు తాళం నా చేతిలో వేశాడు. "ఉంచుకో. నా జేబు చిరుగుతోంది" అన్నాడు.

ఆ పని నాకు నేర్పింది ఒక్కటి. బండిని అది రోజూ మోసే బరువుతోనే పరీక్షించాలి. ఎక్కువ బరువుకు నిలిచిందని తక్కువ బరువుకూ మంచిదనుకోకూడదు. ఆ తర్వాత నేను కట్టిన ఏ బండికీ ఆ మాట తప్పలేదు.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిచి, ఇసక బస్తాల మూతులు విప్పి, వానకు లారీలు దిగబడే గుంటలో పోశాను. పోస్తుండగానే పాల వ్యాను కట్టించుకోవడానికి ఒకాయన వచ్చి, ఎంత లోడైనా ఆగాలి అన్నాడు. చేతిలో బస్తా పక్కన పెట్టి, "ఖాళీగా ఎంత దూరం తిరుగుతుందండీ?" అని అడిగాను.