పొత్తు కుదరని దేశం

ముందే చెబుతున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నేను ఏనుగంటే మీరు మేకపిల్ల అనుకోండి.

యాభైకి దగ్గరపడ్డాక బదిలీ మీద ఒంటరిగా కోల్‌కతా వచ్చి, సాయంత్రాలు గడవక ఒక చిన్న విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాలు, జాతీయ భద్రత చదవడానికి చేరాను. ఎంత చిన్నదంటే, ప్రపంచ పటం విప్పితే పసిఫిక్ మహాసముద్రం వరండాలోకి పోయేది.

ఒకరోజు మాస్టారు మమ్మల్ని తలా ఒక దేశాన్ని చేసి, పొత్తులు కుదుర్చుకోమన్నారు. నాకు సముద్రమూ, చమురూ, కనీసం ఒక శత్రువూ లేని దేశం వచ్చింది. రాయబారులు వస్తారని హుందాగా బల్ల దగ్గరే కూర్చున్నాను. పిల్లలందరూ టీ కొట్టుకు పోయారు. ఈ ఊళ్లో ఏ ఒప్పందమైనా మట్టి ముంతలో టీ తాగుతూ, ఊరి కబుర్లన్నీ అయ్యాకే కుదురుతుందని అప్పటికి నాకు తెలియదు. కిటికీలోంచి చూస్తే బద్ధశత్రువులైన రెండు అగ్రరాజ్యాలు ఒకే బిస్కెట్టు విరుచుకు తింటున్నాయి. ఇక్కడ నా దేశంలో కరవొచ్చింది, జనం వలసపోయారు, నేనొక్కణ్నే మిగిలాను.

అప్పుడు మా క్లాసు అమ్మాయి ఒకతె తలుపు దగ్గరికి వచ్చింది. వాట్‌గంజ్‌లో ఉంటుంది. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబం.

"ఏటి బాబాయ్, ఒక్కలే కూకున్నారు? దేశానికి కాపలా కాస్తన్నారేటి?"

"పొత్తుకి ఎవరైనా వస్తారేమోనని."

"ఇక్కడికెవులూ రారు. మీరే రావాల. రండి, టీ కొట్టు దాదా మీకూ చా పోసీసినాడు."

నేను కల్పించింది ఈ ముక్కే. నిజానికి ఆ అమ్మాయి టీ కొట్టు దగ్గరే ఉండిపోయింది. క్లాసు అయ్యేదాకా నేనూ బల్ల దగ్గరే ఉండిపోయాను.