ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళింది నేను కాదు

దయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నా దగ్గర మంచి కారణమే ఉంది. ఆకివీడు నుంచి కైకలూరు దాకా టీ కొట్ల దగ్గర తిరిగే దయ్యాల కథల్లో సగం నేను పుట్టించినవే. చేపల చెరువులకు మందులు అమ్మే పని నాది. గట్టు మీద కూర్చున్న రైతుకు పొద్దుపోవాలి, నాకు మందు అమ్ముడుపోవాలి. అలా నోటికొచ్చింది చెప్పడం అలవాటైంది. ఓ వరద ఏడు కొల్లేట్లోకి మొసలి కొట్టుకొచ్చిందని ఊరికే ఒక మాటన్నాను. మా అక్క వాళ్ళ ఊళ్ళో రెండు రోజులు ఒక్క దోనె నీళ్ళలో దిగలేదు.

కాబట్టి ఇది మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. ఈ సంగతిని నేనే చాలా ఏళ్ళు అనుమానించాను. ఇప్పటికీ అనుమానిస్తున్నాను.

సునామీ వచ్చిన రోజు మీరెక్కడున్నారని అడిగితే ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. నేను తాడేపల్లిగూడెంలో మా అత్తారి సందు చివర సెలూన్‌లో ఉన్నాను. చర్చికి ఆలస్యమవుతోంది, ఆ మొహంతో రావద్దని మా ఆవిడ తరిమితే గడ్డం చేయించుకోవడానికి వెళ్ళాను. ఒక చెంప అయింది. రెండో చెంప నిండా నురగ. అప్పుడు టీవీలో సముద్రం ఊళ్ళ మీద పడిందన్నారు. సునామీ అనే మాట నేను వినడం అదే మొదలు. కత్తి నా చెంప దగ్గరే ఆగిపోయింది.

ఆ పూట మా అక్క, బావ, ఇద్దరు పిల్లలు, అక్క అత్తగారు వ్యాను మాట్లాడుకుని నరసాపురం అవతల సముద్రానికి వెళుతున్నారు. పండగ మర్నాడు పులిహోర కట్టుకుని సముద్రానికి పోవడం వాళ్ళకు ఏటా ఉన్నదే. ఆదివారం కదా అంటే, ప్రార్థన ఒడ్డునే చేసుకుందాం అన్నాడు బావ. చీకటితో బయల్దేరితే ఈపాటికి పిల్లలు నీళ్ళలో ఉంటారు.

నురగ మొహంతోనే పరుగెత్తి ఎదురుగా ఎస్‌టీడీ బూత్‌లో దూరాను. ఇంట్లో ఎవరూ ఉండరని తెలిసీ వాళ్ళింటికే చేశాను. ఇంకెక్కడికి చెయ్యాలో తోచలేదు. ఫోన్ ఎత్తింది అక్కే.

"ఎక్కడికి పోయావురా? ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. మీ బావ కోపం కూడా చల్లారింది, రా."

నేను గూడెంలో ఉన్నానన్నాను.

"చాల్లే నీ కోతలు," అంది. అప్పటికి వాళ్ళింట్లో ఇంకా టీవీ పెట్టలేదు.

వాళ్ళు చెప్పేది ఇది. తెల్లవారుతూ ఉండగా, అందరూ వ్యాను ఎక్కబోతుంటే నేను కొల్లేటి గట్టు మీద నుంచి వచ్చానట. ఇవాళ సముద్రానికి వద్దన్నానట. ఎందుకు అంటే చెప్పలేదట. "ఏం బామ్మర్దీ, ఈసారి మొసలి సముద్రంలో దిగిందా?" అని బావ నవ్వాడట. నేను నవ్వకుండా వ్యాను తాళం లాక్కుని అరుగు మీద కూర్చున్నానట. డ్రైవరు సత్తిబాబు బతిమాలాడు. పిల్లలు ఏడ్చారు. బావ అనరాని మాటలు అన్నాడు. బాగా ఎండెక్కి ఇక ప్రయాణం పాడైందని తేలాక, తాళం కిటికీలో పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయానట.

నాకొచ్చిన మొదటి అనుమానం, మొసలి కథకు వీళ్ళు బదులు తీర్చుకుంటున్నారని. ఆ సాయంత్రమే వెళ్ళాను. బావ నా చేతులు రెండూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. చర్చి నాటకంలో గొల్లవాడి వేషమిస్తే ఉన్న ఒక్క మాటా మింగేసి గొర్రెపిల్లతో సహా దిగిపోయిన మనిషి ఆయన. అంత నటన ఆయన వల్ల కాదు.

అయినా వదల్లేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా, ఏదో మాటల్లో పెట్టి అడిగాను. బొంకేవాడికి బొంకు వాసన తెలుస్తుంది. పదిమంది కలిసి అల్లిన కథలో చొక్కా రంగు దగ్గర్నుంచి అందరి మాటా ఒకటే ఉంటుంది. వీళ్ళవి కలవలేదు. అక్క తెల్ల చొక్కా అంది. బావ గళ్ళ చొక్కా అన్నాడు. "మోకాళ్ళ దాకా తడిసి ఉన్నావు అబ్బాయీ, తువ్వాలిస్తే తీసుకోలేదు," అంది అత్తగారు. సత్తిబాబు మాత్రం, "బట్టలు నేను చూళ్ళేదండీ బాబూ, నా తాళం వంకే చూస్తా కూర్చున్నానండీ," అన్నాడు. నిజంగా జరిగినదాన్నే మనుషులు ఇలా తలోరకంగా చెబుతారు. అది నాకు అస్సలు నచ్చలేదు.

నా పోలికలతో ఆ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని వెతికాను. లేరు. చివరికి నన్ను నేనే అనుమానించాను. కానీ ఆ రాత్రంతా నా గురక భరించానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అక్క ఊరు వెళ్ళాలంటే గూడెం నుంచి ఏలూరు వచ్చి బస్సు మారాలి. నిద్రలో నడిచేవాడు బస్సు మారడు కదా.

అప్పటి నుంచి అక్క నా మాట లేకుండా ఏ పనీ చేసేది కాదు. చెరువు లీజుకివ్వాలన్నా, పిల్లను కాలేజీలో వెయ్యాలన్నా నాకే ఫోను. అది నేను కాదక్కా అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, మంచిపని చేసి కూడా ఒప్పుకోవేంరా అని నవ్వేసేది. ఊరంతా నా అబద్ధాలు నమ్మింది. నేను చెప్పిన ఒక్క నిజం ఎవరికీ అక్కర్లేకపోయింది.

పోయినేడు బావకు గుండె జబ్బు ముదిరింది. ఏలూరులో ఒక ఆస్పత్రిలో చేర్పించాం. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బల్ల మీదే పోనూ వచ్చు, చెయ్యకపోతే ఎన్నాళ్ళో చెప్పలేం అన్నాడు డాక్టరు. అక్క సంతకం పెట్టనంది. వరండాలో బెంచీ మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు చెప్పు, పెడతాను," అంది.

అప్పుడు భయమేసింది. బావ ప్రాణం వచ్చి నా నాలుక మీద కూర్చుంది. ఎవరో అన్న మాటకు నేను పేరు మోస్తున్నాను, ఆ పేరు చూసి ఈవిడ సంతకం పెడతానంటోంది. అక్క చెయ్యి పట్టుకుని, పిల్లల మీద ఒట్టు, ఆ రోజు వచ్చింది నేను కాదన్నాను.

"తెలుసురా," అంది.

నేను పట్టుకున్న చెయ్యి వదిలేశాను.

"ఆ సాయంత్రమే తెలిసింది. నువ్వు వస్తూనే వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీశావు. పొద్దున్న వచ్చినవాడు ఎంత పిలిచినా గడప దాటలేదు."

"మరి ఇన్నాళ్ళూ నాతో అనలేదేం?"

"పైకి అంటే మళ్ళీ రాడేమోనని."

మళ్ళీ రావడమేంటి అక్కా అన్నాను.

"వస్తాడు. చెరువు లీజప్పుడు వచ్చాడు. పిల్ల చదువప్పుడు వచ్చాడు. నిన్ను అడగడం మర్యాదకి రా, ఏమీ అనుకోకు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మొన్న కూడా వచ్చాడు. ఆపరేషన్ సంగతి అడిగాను. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. అందుకే ఇవాళ నిన్ను నిజంగా అడుగుతున్నాను."

ఈ విద్య నా దగ్గరే నేర్చుకుందా అని ఆవిడ మొహం వంక పరీక్షగా చూశాను. నేను చెప్పే రకం కథే ఇది. కానీ ఆ మొహంలో నాకు తెలిసిన బొంకు ఒక్కటీ కనబడలేదు.

చేయించక్కా అన్నాను. సంతకం పెట్టింది.

బావ బతికాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని గట్టు మీద తిరుగుతున్నాడు, నన్ను చూస్తే మొసలి ఏమైందని అడుగుతున్నాడు. నేనూ మునుపటిలాగే అక్క ఇంటికి వెళుతున్నాను. తలుపు కొడితే ఓరగా తీసి, ముందు నా మొహం చూస్తుంది, తర్వాత నా కాళ్ళ వంక చూస్తుంది. నేను గడప దాటి లోపలికి వచ్చాక, "ఓహో, నువ్వా," అంటుంది.

ఆ మాటలో కొంచెం నిరాశ ఉంటుంది. అదెందుకో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.