మగ్గం గుంతలో ఉడుము

పులిసిన గంజి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నేను కూర్చున్నచోటే కాళ్లు పైకి తీసుకుంటాను. తిరుపతిలో మూడో అంతస్తులో, కింద పలకల గచ్చు తప్ప గుంతా లేదు గొయ్యీ లేదు, అయినా తీసుకుంటాను. ఈమధ్య నూలు చీరలకని కాచిన గంజిని బకెట్లో మరిచిపోయాను. రెండు రోజులకు ఆ వాసన ఇల్లంతా పాకి సోఫా దాకా వచ్చేసరికి నా కాళ్లు వాటంతటవే సోఫా ఎక్కినాయి. పక్కనే ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్న మా అమ్మాయి శైలు ఉలిక్కిపడి, "ఏందిమా, ఎలకా?" అనింది.

"ఎలక కాదు, ఉడుము" అన్నాను.

దానికి నవ్వు రాలేదు. నవ్వే స్థితిలో లేదు మరి. చిత్తూరు దగ్గర ఒక మామిడికాయల గోడౌన్‌లో స్నేహితులతో కలిసి చిన్న సినిమా తీసింది. గోడౌన్‌లో చిక్కుకుపోయిన నలుగురు కూలీలు, వాళ్లను వేటాడే ఎలుగుబంటి, అంతే కథ. ఆ ఎలుగుబంటి అద్దెకు తెచ్చిన బొచ్చు వేషం. ఏ పక్క నుంచి తీసినా కంబళి కప్పుకుని బస్సు కోసం పరిగెత్తే మనిషిలాగే ఉన్నాడు. పది రోజుల్లో కాలేజీ హాల్లో వంద మంది ముందు వేయాలి. "అందరూ నవ్వుతారుమా" అని ముక్కు ఎగబీలుస్తోంది.

"ఎలుగుబంటిని తీసిపారేయ్."

"ఎలుగుబంటి సినిమాలో ఎలుగుబంటిని తీసేస్తే ఇంకేముంటాది?"

"గోడౌన్ ఉంటాది, మనుషులుంటారు, చాలదా?"

"సినిమా గురించి నీకేం తెలుసు మా?"

నన్ను ఎన్ని మాటలైనా అనండి, పడతాను. నాకేం తెలుసు అనే మాట మాత్రం పడను. ల్యాప్‌టాప్ మూయించి దానికి ఏం చెప్పానో మీకూ చెప్తాను.

మాది నగరి పక్కన చిన్న ఊరు. అందులో ఒక వీధి మొత్తం నేతగాళ్లదే. మా ఇంటి వెనకాల బోదగడ్డి కప్పిన పొడుగాటి కొట్టంలో ఆరు గుంత మగ్గాలు ఉండేవి. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను: మగ్గం నేల మీద ఉంటుంది, దాని ముందు మోకాళ్లు దిగేంత గుంత తవ్వి ఉంటుంది. నేసే మనిషి గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి అడుగున ఉండే చెక్కల్ని తొక్కుతుంటాడు. చేతులు వెలుగులో, కాళ్లు చీకట్లో. ఎండాకాలం నిప్పులు కురిసే మధ్యాహ్నాల్లో, పేడతో అలికిన ఆ గుంతల్లో చల్లదనం కోసం పిల్లలమంతా కొట్టుకునేవాళ్లం. ఖాళీ మగ్గం దొరికితే ముగ్గురం ఇరుక్కుని కాళ్లు దించుకుని, ఉప్పూ కారం అద్దిన తోతాపురి ముక్కలు కొరుక్కుంటూ అచ్చనగాయలు ఆడేవాళ్లం. సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరుబిండి తట్టలో పెట్టుకుని మా అమ్మ వచ్చేదాకా ఆ ఆరు మగ్గాల టకటకలోనే మా మాటలు, మా పాటలు, మా తగాదాలు అన్నీ సాగేవి. ఆ చప్పుడు ఎంత అలవాటంటే, ఒక్క మగ్గం ఆగినా ఇంట్లో పసిబిడ్డ నిద్ర లేచేది.

ఆ కొట్టానికి రాజు మా పెదనాయన, మా నాయనకు అన్న. పొద్దున గుంతలోకి కాళ్లు దించితే ఆ పూట నేత ముగిసేదాకా పైకి తీసేవాడు కాదు. నడిమధ్యలో లేచినవాడి చీర అంచు వంకర పోతుందని ఆయన నమ్మకం. చుట్టాలొచ్చినా అంతే, వానకు కప్పు కారినా అంతే. "బూమి అదిరినా నా కాళ్లు గుంతలోంచి లెయ్యవబ్బా" అని వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు.

మామిడికాయల కాలంలో మా ఊరికి డేరా సినిమా వచ్చేది. మగవాళ్లూ మగపిల్లలూ పోయేవాళ్లు. ఆడపిల్లలం పెరటి గోడ మీద కూర్చుని, దూరం నుంచి వచ్చే మాటల్ని బట్టి కథ అల్లుకునేవాళ్లం. నాకు పదకొండేళ్లప్పుడు ఒక మొసలి సినిమా వచ్చింది. పెదనాయన కొడుకు మునిరత్నం నాకంటే మూడేళ్లు పెద్ద. వాడు దాన్ని మూడుసార్లు చూసి వచ్చి, చేతులు నోరులా తెరిచి మూస్తూ ఆడపిల్లల్ని తరుముతూ తిరిగినాడు. నాకు ఒళ్లు మండి నేరుగా పెదనాయన మగ్గం ముందుకు పోయి నిలబడ్డాను.

"మమ్మల్నీ డేరాకి పిల్సకపో పెదనాయనా."

"వొద్దు. ఆడబిడ్లు అది సూస్తే జొరమొచ్చి పండుకుంటారు."

"అన్నకు రాలేదే జొరం?"

"వాడు మగోడు."

"మగోడైతే రాత్రి పెరట్లోకి పోయేదానికి అవ్వని ఎందుకు తోడు పిల్సినాడు?"

ఆరు మగ్గాలూ ఒక్కసారి ఆగి కొట్టమంతా నవ్వింది. కండెలు చుడుతున్న మా అవ్వ అయితే రాట్నం వదిలేసి మరీ నవ్వింది. పెదనాయనకు రోషం వచ్చింది.

"నోరు సూడు దీనికి! సరే మే, బయమంటే ఏందో నువ్వే సూపించు. ఎల్లుండి అమావాస్య, మగ్గాలకి సెలవు. మద్యానం నా గుంతలో నేను కూసుంటా. నా కాళ్లు పైకి లేసినాయంటే వీదిలో ఆడబిడ్లందర్నీ నేనే డేరాకి పిల్సకపోతా. లెయ్యలేదనుకో, జల్మలో నువ్వు నాతో వాదానికి రాకూడదు."

డేరా ఊళ్లో ఉండేది ఇంకో నాలుగు రోజులే. సినిమా పోతే పోనీ, ఎదురు మాట్లాడకుండా ఆ ఇంట్లో నేనెట్లా బతికేది? రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అమావాస్య నాడు, నాకంటే తానే బాగా భయపెడతానని, ముందు మునిరత్నం తన ఆట పెట్టినాడు. గోనెసంచులు కుట్టి, సున్నంతో పళ్లు గీసి, బంతిపూలు కళ్లుగా పెట్టి మంచమంత మొసలిని చేసి, తనే అందులో దూరి గర్జిస్తూ వచ్చినాడు. మొసలి గర్జిస్తుందా అని అడిగే ఓపిక కూడా ఎవరికీ లేదు. ఒక కన్ను రాలి దొర్లుకుంటూ పోయి గుంతలో పడింది. "ఏందిరా ఇది, పరుపుకు పెండ్లి సేస్తాండావా?" అని పెదనాయన పొట్ట పట్టుకుని నవ్వినాడు. నేను నవ్వలేదు. ఆ గోనె మొసలిని చూస్తూ ఒక పాఠం నేర్చుకున్నాను: చూపించినావంటే చచ్చినట్టే. కళ్ల ముందు పెట్టినదాన్ని మనిషి కొలిచేస్తాడు, కుట్లు వెతుకుతాడు, వెలకడతాడు. చూడనిదాన్ని ఏం చేస్తాడు?

నా వంతు వచ్చింది. అందరినీ గుంతల్లోకి కాళ్లు దించి కూర్చోమన్నాను. పిల్లలు మగ్గానికి ముగ్గురు, మా నాయన, పెదనాయన మాత్రం ఎవరి మగ్గానికి వాళ్లొక్కరే. అవ్వను గోడ పక్కన రాట్నం తిప్పుతూ ఉండమని, నేను తల గోక్కున్నప్పుడు ఆపమని ముందే చెప్పిపెట్టాను. వీధిలో ఏ మగ్గమూ ఆడని రోజు. ఆ నిశ్శబ్దమే మా వాళ్లకు సగం జొరం.

మొసలి జోలికి పోలేదు. మా ఊళ్లో మొసలిని చూసినవాడెవడు? ఉడుమైతే అందరికీ తెలుసు. పట్టుకుంటే వదలదని చిన్నపిల్లాడికీ తెలుసు. "పది దినాలుగా మన నూలు ఎలకలు కొరకలేదు, ఎవురైనా గమనించినారా?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజమే, కొరకలేదు. పక్కింటి అటక మీద పిల్లి ఈనిందని నాకొక్కదానికే తెలుసు, నేను చెప్పలేదు. ఎలకలు ఏమైనాయి? ఒక గుంతకూ ఇంకో గుంతకూ మధ్య మట్టిలో ఎలకబొక్కలు ఉన్నాయి కదా, అవి ఈమధ్య ఎందుకు వెడల్పయినాయి? ఏదో పెద్దది ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి పోతా వస్తా ఉండాది. దానికి కళ్లు కనపడవు. మట్టి కదిలితే తెలుస్తుంది. చెక్క తొక్కితే తెలుస్తుంది. కదలనివాడి జోలికి పోదు.

ఈ చివరి మాటే నా గొప్పతనం, సిగ్గులేకుండా చెప్పుకుంటాను. బతకడానికి ఒక నియమం పెట్టానా, చూసేవాళ్లంతా ఆటలోకి దిగిపోయినారు. కాళ్లు కదపడం మానేసినారు. కాళ్లు కదపకూడదని అనుకున్న ఘడియ నుంచి మనిషికి కాళ్లు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

తల గోక్కున్నాను. రాట్నం ఆగింది.

ఇక్కడ నా దగ్గర ఒక ఆయుధం ఉంది. పులిసిన గంజిలో నానేసిన చిలపను, అంటే నూలు కట్టను, పొద్దున్నే పెదనాయన మగ్గం కింద, చెక్కలకు పైన వేలాడగట్టాను. దాన్ని కట్టిన దారం కొస నా కాలి బొటనవేలికి చుట్టి ఉంది. లాగితే చల్లగా, జిగటగా ఆయన పాదాల మీద పడాలి. లాగాను. పడలేదు. మళ్లీ లాగాను. ఇంకా బిగుసుకుంది. అప్పుడు అర్థమైంది నేను చేసిన ఘనకార్యం. జారుముడి వేయాల్సినచోట నా చేతులు అలవాటు కొద్దీ నేత ముడి వేసినాయి. తెగిన పోగును అతికే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. నేతగాళ్ల బిడ్డకు తప్ప ఇంకెవరికీ చేతకాని తప్పు.

చెప్పడానికి కథ లేదు, పడడానికి చిలప లేదు. నోరు మూసుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అది వాళ్లందరికీ తెలుసు. ఇది మాట్లాడడం లేదంటే నిజంగానే ఏదో చూసిందనుకున్నారు. కొట్టంలో గంజి వాసన తప్ప ఏమీ లేదు. ముందు పిల్లల కాళ్లు పైకి వచ్చినాయి. తర్వాత మునిరత్నానివి. తర్వాత మా నాయనవి. ఆఖరికి, ఎవరూ తాకకుండా, ఏదీ పడకుండా, మెల్లగా, దొంగతనంగా, ఒకదాని వెనక ఒకటి, పెదనాయన కాళ్లు లేచినాయి.

"గెల్సినాను!" అని ఎగిరాను.

"ఏం గెల్సినావు? కాళ్లు తిమ్మిరెక్కినాయి, అందుకని తీసినా" అన్నాడు పెదనాయన.

"నలబై ఏండ్లలో ఎక్కని తిమ్మిరి ఈ పొద్దే ఎక్కిందా?" అంది అవ్వ. ఆయన వినలేదు. తీర్పు చెప్పేదీ ఆయనే, ఓడిందీ ఆయనే. అంతకంటే అన్యాయం ఉందా? ఏడ్చుకుంటూ పడుకున్నాను. చిలప విప్పాలన్న సంగతే మరిచిపోయాను.

మరుసటి రోజు పొద్దున పెదనాయన పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి, కూర్చునే ముందు గుంతలోకి వంగి చూసినాడు. అడుగు చూసినాడు గానీ పైన చూడలేదు. కూర్చుని తొక్కడం మొదలుపెట్టినాడు. చెక్కలు లేచి పడేకొద్దీ దారం ఒరుసుకుని ఒరుసుకుని తెగింది. రాత్రంతా గంజి ఆరి బిరుసెక్కి, పొలుసులు తేలినట్టున్న ఆ చిలప ఆయన పాదాల మీద పడింది.

"ఉడుమో! పట్టేసిందిరో!" అని అరిచిన అరుపు వీధి చివరి ఇంటిదాకా వినపడింది. పోగులు పటపటా తెంచుకుంటూ పడుగు మీదుగా దూకి వాకిట్లో తేలినాడు. ఆ పూట వీధిలో ఏ మగ్గమూ ఆడలేదు, అందరూ మా వాకిట్లోనే ఉన్నారు. నేను చిలపను తోక పట్టుకున్నట్టు పట్టుకుని బయటికి తెచ్చి, "తిమ్మిరి దిగిందా పెదనాయనా?" అన్నాను. ఆయన నన్నొకసారి, చిలపనొకసారి చూసి, నేల మీద కూలబడి నవ్వినాడు. అది రోషం చచ్చి పుట్టిన నవ్వు. "సాయంత్రం తలలు దువ్వుకోండి మే అందురూ" అన్నాడు.

పదిహేడు మంది ఆడపిల్లలం, ముందు పెదనాయన, వెనక బొరుగుల మూటతో అవ్వ. డేరాలో ఇసక మీద కూర్చుని చూశాం. మొదటి గంట మొసలి లేదు. చెరువు, నీళ్లలో బర్రెలు, గట్టున పోట్లాడుకునే మనుషులు, ఉన్నట్టుండి ఆగిపోయే కప్పల అరుపు. నా చెయ్యి పట్టుకున్న పిల్ల గోళ్లు దిగినాయి. తర్వాత మొసలి వచ్చింది. చెక్క మొసలి, మూతి తెరిస్తే మేకులు కనపడినాయి. పదిహేడు మందిమీ పడీ పడీ నవ్వాం. మొసలిని సరిగ్గా చేయించుకోలేని పేదతనం వల్లే ఆ సినిమా గంటసేపు గొప్పగా ఉందని, మొసలి దొరికిన నిమిషంలో చచ్చిపోయిందని ఇంటికి వచ్చేదాకా వాదించాను. వాదించే హక్కు గెలుచుకున్నాను కదా. పెదనాయన అవుననక తప్పలేదు.

ఇదంతా విని శైలు మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ రాత్రి ఎలుగుబంటిని మొత్తం కోసేసింది. గోడౌన్‌లో మక్కిన మామిడికాయలు దొర్లే చప్పుడు మాత్రం ఉంచింది. కాయలు దొర్లితే అది వస్తుంది, దొర్లకపోతే రాదు, అదే నియమం.

ఆ బోద కొట్టం ఇప్పుడు లేదు. గుంతలు పూడ్చి, సిమెంటు పోసి మరమగ్గాలు పెట్టినారు. అవీ పోయి ఇప్పుడక్కడ బండ్లు నిలుపుకుంటున్నారు. పెదనాయన లేడు, అవ్వ లేదు, రాట్నం ఎవరింట్లోనో షోకేసులో ఉందని విన్నాను. టకటక ఉన్నప్పుడే కదా అది ఆగితే తెలిసేది. ఇప్పటి పిల్లలకు ఆగడమంటే ఏమిటో తెలుసా అన్నదొక్కటే నా అనుమానం.

మొన్న సాయంత్రం కాలేజీ హాల్లో ఆ అనుమానం తీరింది. నేను తెర చూడలేదు, చివరి వరసలో కూర్చుని నేల చూశాను. చీకట్లో కాయ ఒకటి దొర్లి ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరసల్లో ఒక బూటు లేచింది, దాని పక్కన రెండు చెప్పులు, ఆపైన వరసకు వరసే. పక్కకు తిరిగి చూశాను. మేనకోడలి సినిమా చూడాలని చిత్తూరు నుంచి బస్సులో వచ్చిన మా మునిరత్నమన్న, ఇంత బొజ్జ వేసుకుని, రెండు కాళ్లూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏమన్నా?" అన్నాను.

"ఏం లేదు మే, తిమ్మిరి" అన్నాడు.