నీళ్ల సిస్టరు

సంచిలోంచి స్టీలు గ్లాసు తీస్తుంది. కుళాయి కింద పెడుతుంది. నీళ్లు అంచుకు వచ్చాక కూడా కుళాయి కట్టదు. అంచు మీద నీళ్లు ఉబ్బి, ఇంకొక్క చుక్క పడితే ఒలుకుతాయనిపించే చోట కడుతుంది. జాకెట్టు కుడి చేతిని మోచేతి దాకా లాక్కుంటుంది. గ్లాసు ఎత్తుతుంది. "జరగండమ్మా, జరగండి" అంటుంది. నడుస్తుంది.

ఆమెకున్న పిచ్చి అదొక్కటే.

ఇరవై ఆరేళ్లు నర్సుగా, అందులో సగం హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆసుపత్రికి కొత్త విభాగం కడుతున్నప్పుడు ఆమెను కమిటీలో సలహాదారుగా తీసుకున్నారు. మీటింగుల్లో కూర్చుని సలహాలు చెబుతుందనుకున్నారు. ఆమె నీళ్లు మోసింది. పూర్తయిన ప్రతి గదిలో, ప్రతి వరండాలో నిండు గ్లాసుతో నడిచింది. ఒలికిన చోట ఆగి, సంచిలోంచి సుద్దముక్క తీసి నేల మీద సున్నా చుట్టేది. సున్నా పడిందంటే అక్కడ ఏదో ఒకటి పగలాలి.

ఇంజనీర్లు ఆమెకు నీళ్ల సిస్టరు అని పేరు పెట్టారు. కొన్నాళ్లు వెనకాల అన్నారు. తర్వాత ఎదురుగానే అన్నారు. చివరికి ఆమే ఫోనెత్తి "నీళ్ల సిస్టర్ని మాట్లాడుతున్నాను, చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

నేను ఆ కట్టడానికి పెట్టుకున్న డ్రాఫ్ట్స్‌మన్లలో ఒకణ్ణి. ప్లాన్లు గీసేవాణ్ణి. నన్ను ఆమె పెన్సిలూ అని పిలిచేది. నా పనంతా కంప్యూటర్ మీదే. ఆ సంగతి ఆమెకు చాలాసార్లు చెప్పాను.

మొదటి సున్నా మందుల గది తలుపు ముందు పడింది.

"ఏమయ్యా పెన్సిలూ, ఈ తలుపు ఇవతలికి ఎందుకు తెరుచుకుంటోంది?"

"అవతల అలమరా ఉంది మేడమ్. తగులుతుందని."

"అలమరాకి దెబ్బ తగలకూడదు. సరే. ట్రే పట్టుకున్న మనిషి ఈ తలుపు లాగాలంటే ఒకడుగు వెనక్కి వెయ్యాలి. వెనక్కి నడిచే నర్సుని ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడమ్."

"నేను చూశాను. నన్నే."

తలుపు మారింది. అలమరా కూడా మారింది. మూడో నెల వచ్చేసరికి చీఫ్ ఇంజనీరు తన టేబుల్ సొరుగులో ఒక జత మేజోళ్లు అదనంగా పెట్టుకున్నాడు. ఆమెతో వాదిస్తూ పక్కనే నడవడం ఆయనకు అలవాటు. నీళ్లు ఎప్పుడూ ఆయన వైపే ఒలికేవి. అది నేల తప్పో, ఆమె ఇష్టమో ఎవరికీ తేలలేదు.

ఇంటి దగ్గరా ఇదే వరస. కూతురికి అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లి ఇంటాయన్ని గ్లాసుడు నీళ్లు అడిగింది. ఆయన మర్యాదగా ఇచ్చాడు. ఆమె తాగలేదు. ఇల్లంతా తిరిగింది.

"ఇల్లు చూడ్డానికొచ్చారా, కడగడానికొచ్చారా?" అన్నాడాయన.

"మీ వంటింటి గడప దగ్గర ఒలికింది. వేడి గిన్నె పట్టుకుని మా అమ్మాయి ఇక్కడ తట్టుకుంటుంది."

"పన్నెండేళ్లయింది ఇల్లు కట్టి. నేనెప్పుడూ తట్టుకోలేదండీ."

"అంటే పన్నెండేళ్లలో మీరు వంటింట్లోకి వెళ్లలేదన్నమాట."

లోపలి నుంచి ఆయన భార్య నవ్వు వినిపించింది. కూతురు ఆ ఇంట్లోనే దిగింది. గడప వారం రోజుల్లో పోయింది.

ఇవన్నీ నేను నలుగురిలో చెప్పి నవ్వించేవాణ్ణి. ఆ బుధవారం మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఆమె నడవబోయేది నేను గీసిన వరండాలో.

ఎమర్జెన్సీ గది పాత భవనంలో ఉంది. ఆపరేషన్ థియేటర్ కొత్త దాంట్లో. రెండింటినీ కలిపేది ఒక పొడుగాటి వరండా. తలుపు నుంచి తలుపుకు నూట నలభై మూడు అడుగులు, ఆమె అడుగుల్లో. పాత వైపు ఎత్తును పలకలు పరిచిన నేల దాకా కొలిచి రాశాను. కొత్త వైపు ఎత్తును ఉత్త శ్లాబు దాకా రాశాను. శ్లాబు మీదికి వచ్చే సిమెంటూ, పలకలూ నా లెక్కలోకి రాలేదు. రెండు నేలలూ కలిసే చోటుకు వచ్చాక గాని మేస్త్రీకి తేడా తెలియలేదు. చేతనైనంత పల్చగా సిమెంటు వేశాడు. అయినా కొత్త నేల రెండు సెంటీమీటర్లు ఎత్తులోనే మిగిలింది. అక్కడ ఒక నల్లరాతి పట్టీ వేసి, అంచు గుండ్రంగా నూరి, మెరుగు పెట్టాడు. చూసినవాళ్లు అది అందం కోసం వేశారనుకున్నారు.

నాకు మంగళవారం తెలిసింది. డ్రాయింగు మీద నా సంతకం ఉంది.

సోమవారం మీటింగులో ఆసుపత్రి డైరెక్టరు ఒక మాట అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొమ్మిది రోజుల్లో తలుపులు తెరవాల్సిన మనిషి. "ఇక మీద తప్పు కనబడితే నాకు మనిషి పేరు కావాలి. పేరు దొరికిన రోజే ఆ మనిషి ఇంటికి." ఊరికే అన్న మాట కాదు. అంతకు ముందు నెలలో తలుపు వెనక స్విచ్చి పెట్టిన ఎలక్ట్రీషియన్ని అలాగే పంపించాడు.

బుధవారం పొద్దున మా ఆవిడ అడిగింది. "ఏమండీ, అదే బొత్తాం మూడుసార్లు పెట్టి తీస్తున్నారు. ఆఫీసులో ఏమైనా అయిందా?"

"ఇంకా కాలేదు" అన్నాను.

ఆ వరండాలో వారం రోజుల తర్వాత తొడ ఎముక విరిగినవాళ్లను తోసుకెళ్తారు. అది కూడా నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఎమర్జెన్సీ తలుపు దగ్గర నలుగురం నిలబడ్డాం. ఆమె, డైరెక్టరు, మేస్త్రీ, నేను. డైరెక్టరు చేతిలో అప్పగింత కాగితం ఉంది. ఆమె సంతకం పెడితే వరండా పూర్తయినట్టు.

ఆమె గ్లాసు నింపింది. నీళ్లు అంచు మీద ఉబ్బాయి.

"జరగండమ్మా, జరగండి."

నడిచింది. మేం వెనకాల నడిచాం. నేను అడుగులు లెక్కపెట్టుకున్నాను. ముప్పై. యాభై. డెబ్బై దగ్గర ఒక మలుపు ఉంది, అక్కడ నీళ్లు ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకున్నాయి. మేస్త్రీ గట్టిగా ఊపిరి వదిలాడు. డైరెక్టరు అతని వైపు చూశాడు. మేస్త్రీ మళ్లీ ఊపిరి బిగబట్టాడు.

నల్లరాతి పట్టీ తొంభై రెండో అడుగు దగ్గర ఉంది. ఎనభై. తొంభై. తొంభై ఒకటి.

ఆమె పట్టీని చూసింది. పాదం కాస్త ఎత్తి, అవతల మెల్లగా ఆన్చింది. నీళ్లు వణికాయి. ఒలకలేదు.

నూట నలభై మూడు. థియేటర్ తలుపు. ఒక్క చుక్క కూడా పడలేదు.

"అభినందనలు" అన్నాడు డైరెక్టరు. పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. నేను గోడకు ఆనుకున్నాను.

ఆమె పెన్ను తీసుకోలేదు.

"నేను దాటాను. నా కాలు చూసుకుని దాటింది. స్ట్రెచరు చక్రం చూసుకుంటుందా?"

"ఒలకలేదు కదమ్మా! మీ రూలే కదా!"

"రూలు నాదే. అందుకే అడుగుతున్నాను. మీరు కాస్త పడుకోండి."

"ఎక్కడ?"

గోడ పక్కన ఉన్న స్ట్రెచరు చూపించింది. ఆయన మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ పైకప్పు వైపు చూశాడు.

"నాకు అసలే నడుం నొప్పి."

"మరీ మంచిది. ఆసుపత్రికి వచ్చేవాళ్లకి ఏదో ఒకటి నొప్పి ఉంటుంది. బూట్లు విప్పండి."

ఇరవై ఆరేళ్లు మనుషుల్ని పడుకోబెట్టిన గొంతు అది. డైరెక్టరు బూట్లు విప్పి, కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకున్నాడు. ఆమె నిండు గ్లాసు ఆయన పొట్ట మీద పెట్టింది.

"కదలకండి. ఊపిరి మెల్లగా."

"ఇదేం పనమ్మా..."

"మాట్లాడితే ఒలుకుతాయి. పెన్సిలూ, నువ్వు తొయ్యి."

నేనే తోశాను. తప్పించుకునే దారి లేదు. థియేటర్ తలుపు నుంచి వెనక్కి, పాత భవనం వైపు. నున్నటి నేల మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. నల్లరాయి దగ్గరవుతోంది. నేను కావాలని నెమ్మది చేశాను.

"ఎమర్జెన్సీలో అలాగే తోస్తారా?" అంది వెనక నుంచి. "గబగబా రా!"

తోశాను. ముందు చక్రాలు పట్టీ మీదికెక్కి అవతల దబ్‌మని దిగాయి.

"అబ్బా!"

గ్లాసెడు నీళ్లూ డైరెక్టరు చొక్కా మీద, మెడలో, చెవిలో. గ్లాసు మోగుకుంటూ దొర్లి గోడ దగ్గర ఆగింది. ఆయన నడుం పట్టుకుని లేచి కూర్చున్నాడు. ముఖం ఎర్రబడింది.

ఆమె వంగి నల్లరాయి చుట్టూ సున్నా చుట్టింది.

"ఎవడు చేశాడీ పని?" అన్నాడు డైరెక్టరు. "మేస్త్రీ! నువ్వేనా?"

"రాయి నేనే వేశానండి. ఎత్తులు కలవలేదండి. డ్రాయింగులో ఎలా ఉంటే అలా చేశానండి."

"అంతా డ్రాయింగు మీదికి తోసెయ్యి! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

మేస్త్రీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత నయంగా ఉండేది.

"సార్" అన్నాను. "సార్, ఆ ఎత్తులు..."

"పెన్సిలూ" అంది ఆమె. "డ్రాయింగు కావాలంటున్నారు కదా, తెచ్చి పరుచు."

తెచ్చాను. స్ట్రెచరు మీద పరిచాను. కుడి వైపు కింది మూలలో నీలం ఇంకుతో నా సంతకం. డైరెక్టరు జేబులు తడుముకుని కళ్లద్దాలు తీశాడు. వాటి మీద కూడా నీళ్లే. తుడుచుకుంటున్నాడు. ఇంతలో ఆమె కుళాయి దగ్గరికెళ్లి గ్లాసు నింపుకొచ్చింది.

"మళ్లీ ఎందుకమ్మా!"

"దాహం."

గ్లాసు డ్రాయింగు మీద పెట్టింది. సరిగ్గా కింది మూలలో. పెడుతూ పెడుతూ ఒలికించింది. ఒక చుక్క కాదు, సగం గ్లాసు. నీలం ఇంకు నీళ్లలో పొగలాగా విచ్చుకుంది. సంతకం ఉన్న చోట ఒక చిన్న చెరువు మిగిలింది.

"అయ్యో, చెయ్యి వణికింది" అంది. ఆ చెయ్యి వణకడం మాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అప్పుడూ చూడలేదు.

డైరెక్టరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చెరువును చూశాడు. ఆమెను చూశాడు.

"ఆఫీసు కాపీ తెప్పిస్తాను."

"దాని మీద పొద్దున పడ్డాయి."

"పొద్దుననా?"

"పదింటికి."

"కంప్యూటర్లో ఉంటుంది కదా?"

"ఉంటుంది. అక్కడికింకా గ్లాసు తీసుకెళ్లలేదు."

డైరెక్టరు జుట్టులోంచి ఒక చుక్క జారి డ్రాయింగు మీద పడింది. ఆయన ఇంకేదో అనబోయి, నడుం కలుక్కుమని ఆగాడు. చేత్తో నడుం నొక్కుకుంటూ నల్లరాయి వైపు చూశాడు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు చివరికి.

"నాలుగు రోజులండి" అన్నాడు మేస్త్రీ. "మూడు మీటర్ల దాకా పలకలు తీసి, చక్రానికి తెలియకుండా ఏటవాలుగా దించాలండి."

"మూడు రోజుల్లో కావాలి. నువ్వే దగ్గరుండి చెయ్యి." నేల మీది నీళ్లలోకి దిగి, బూట్లు చేత్తో పట్టుకుని తడి మేజోళ్లతో వెళ్లిపోయాడు. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఆ సొరుగులో మేజోళ్లు చీఫ్ ఇంజనీరు ఎవరికైనా ఇస్తాడా?"

"అడిగి చూడండి" అంది ఆమె. "ఆయన చాలా జాగ్రత్త మనిషి."

మేస్త్రీ పనివాళ్లకు చెప్పడానికి వెళ్లాడు. మేమిద్దరం మిగిలాం.

"అది నా తప్పు మేడమ్."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న పగలంతా నువ్వు నా మొహం చూసి మాట్లాడలేదు. గ్లాసుతో మాట్లాడావు. అప్పుడు డ్రాయింగు తీసి చూశాను."

"మరి పేరు ఎందుకు..."

ఆమె స్ట్రెచరు అంచు మీద కూర్చుంది. మిగిలిన సగం గ్లాసు తాగింది. ఆమె ఆ గ్లాసులో నీళ్లు తాగడం నేను చూడటం అదే మొదటిసారి.

"నా ఉద్యోగంలో ఒక మంచం ఉండేది. దాని పక్క కమ్మీ నిలిచేది కాదు. ఓ పేషెంటు పడ్డాడు. ఆయాని తీసేశారు. మంచం అలాగే ఉంది. ఇంకొకడు పడ్డాడు. ఇంకో ఆయాని తీసేశారు. పేరు దొరకగానే అందరికీ పని అయిపోయినట్టుంటుందయ్యా. ఆ ఎలక్ట్రీషియన్ని పంపించారా? స్విచ్చి ఎక్కడుందో వెళ్లి చూడు."

నాకు చూడనక్కర్లేదు. తలుపు వెనకే ఉంది.

"నోటితో చెబితే, ఎవరి తప్పని అడుగుతారు. అందుకే నీళ్లు మోస్తాను. నీళ్లకి ఎక్కడో చెప్పడమే వచ్చు. ఎవరో చెప్పడం రాదు."

"నేను చెప్పబోయాను మేడమ్. మేస్త్రీని అంటుంటే చెప్పబోయాను."

"విన్నాను. అందుకే గబగబా వెళ్లి నింపుకొచ్చాను. ఇంకో క్షణం ఆగితే ఉద్యోగం పోగొట్టుకునేవాడివి, రాయి మిగిలిపోయేది." లేచింది. గ్లాసు తుడిచి సంచిలో పెట్టుకుంది. "నువ్వు గీయాల్సిన వరండాలు ఇంకా ఉన్నాయి. ఈ తప్పు మళ్లీ చెయ్యనివాడు ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి పంపించేసి కొత్తవాణ్ణి తెచ్చుకోమంటావా?"

స్ట్రెచరు తోసుకెళ్లి గోడ పక్కన పెట్టాను.

మర్నాడు ఏడింటికే వెళ్లాను. వరండా మొదట్లోనే సుత్తి చప్పుడు వినిపించింది. ఆమె నల్లరాతి పట్టీ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పెచ్చులు కంట్లో పడకుండా మేస్త్రీ కళ్లద్దాలు పెట్టుకుంది. ఒక చేతిలో ఉలి, ఒక చేతిలో సుత్తి. మేస్త్రీ పక్కన నిలబడి రెండు చేతులూ చాపుకుని బతిమాలుతున్నాడు.

"అమ్మా, ఇటివ్వండమ్మా, వేళ్లు నలుగుతాయమ్మా."

నన్ను చూసి ఆమె కాస్త పక్కకు జరిగింది. సుత్తి నా చేతిలో పెట్టింది.

"సగం నేను కొట్టేశాను. మిగతా సగం నీది. కానియ్యి."

ఆమె కొట్టిన సగం మీద గోరంత పెచ్చు లేచింది. నేను కూర్చుని అక్కడి నుంచే మొదలుపెట్టాను.