గడప ఇవతలి అంబలి

నాగలింగం సారు ఇక లేరన్న మాట మా కళాశాల అటెండరు వచ్చి చెప్పినప్పుడు నేను ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని తుడుస్తున్నాను. నిన్న సాయంకాలం వరండాలో నాతో పరిహాసమాడి వెళ్లిన మనిషి, తెల్లవారేసరికి గుండె ఆగి కన్నుమూశారంటే ఎట్లా నమ్మడం? కర్నూలులో వృక్షశాస్త్రం చదివినవారికి ఆయన ఆచార్యులు. నాకు మొదట గురువు, తరువాత సహోద్యోగి, ఎన్నటికీ పితృసమానులు.

ఆ మహనీయుడు జీవితమంతా ఉపాసించినది బూజును. చదువరులు నవ్వుకుంటే నవ్వుకోవచ్చు, మేమూ మొదట్లో నవ్వినవాళ్లమే.

కోయిలకుంట్ల దగ్గరి నేత కుటుంబంలో ఆయన జననం. ఒక ఏడు ముసురు పట్టి, గంజి పెట్టిన పడుగు ఆరక బూజు పట్టిందట. తండ్రి తల పట్టుకొని కూర్చుంటే, ఈయన వంగి, నూలుపోగుల మీద అంతకన్న సన్నని పోగులు అల్లుకొని ఉండడం చూసి, "ఇవి ఎవరు నేసినారు నాయనా?" అని అడిగారట. అప్పటికి వీపు మీద దెబ్బ పడిందనీ, జవాబు మాత్రం మద్రాసులో చదివేటప్పుడు దొరికిందనీ చెప్పి నవ్వేవారు.

పాఠంలోనూ మగ్గం భాషే. "బూజుపోగు కొసలోనే పెరుగుతాదప్పా. వెనకాల ఉండేదంతా అది నడిచొచ్చిన దారి" అనేవారు. మరొక మాట ఇంకా నా చెవుల్లో ఉంది: "మనం తిని అరిగించుకుంటాం. అది అరిగించుకొని తింటాది." బూజు తన రసాలను గింజ మీద వదిలి, గింజ కరిగాక ఆ సారాన్ని పోగుల్లోకి పీల్చుకుంటుందన్న సంగతి ఆ ఒక్క మాటతో మాకు జన్మలో మరిచిపోలేనంతగా అర్థమైంది. పైకి కనిపించే నల్లరంగు, పచ్చరంగు దాని విత్తనాల వంటివేననీ, అసలు ప్రాణి లోపల అల్లుకొని ఉంటుందనీ ఆయన చెప్పగా విన్నదే.

ఆంధ్రరాష్ట్ర రాజధాని వచ్చి కర్నూలంతా గుడారాలు లేచినప్పుడు ఊరివాళ్లు మంత్రులను చూడడానికి ఎగబడ్డారు. సారు సంబరం వేరు. వానకు తడిసిన గుడారాల గుడ్డ మీద కొత్తరకం మచ్చలు పుట్టాయట! గోటితో గీకుతూ జవానుకు దొరికిపోయి, సంజాయిషీ చెప్పుకోలేక నన్ను పిలిపించారు.

ఆయన ధర్మపత్ని ఓబుళమ్మగారిది ఒకటే శాసనం: బూజు సీసా వంటింటి గడప దాటరాదు. శాసనం ఆమెదే, ఆ సీసాలకు ఆహారం వండేదీ ఆమే. వారానికొకసారి జొన్న అంబలి పలచగా కాచి వడగట్టి గడప లోపల నిలబడి పోసేది. సారు ఇవతల నిలబడి, భిక్షకు వచ్చినవాడిలా గిన్నె పట్టేవారు. తరువాత దాన్ని శుభ్రమైన సీసాల్లో పోసి మళ్లీ ఉడికించి, కాల్చి చల్లార్చిన తీగ కొసతో పాత సీసాలోని బూజు కొంచెం తీసి కొత్తదాంట్లో పెట్టి, దూదితో మూసేవారు. ఈ పని వరుసగా తప్పితే ఆ బూజులు చచ్చిపోతాయి. ఆ పనికి ఆయన పెట్టుకున్న పేరు పోగు అతకడం.

ఆ సీసాలన్నిటిలో ఒకదాని మీద ఆయనకు ప్రాణం. కరువు ఏడు ఓర్వకల్లు దగ్గర ఒక రైతు పాతర తీశాడు. నేలలో గొయ్యి తవ్వి దాచుకున్న ఆ జొన్నలే ఆ ఇంటికి ఆధారం. ఎట్లాగో నీళ్లు దిగి, అంచునున్న గింజలు గడ్డలు కట్టి బూజెక్కాయి. అతను సారును పిలుచుకుపోయాడు, వెంట నేనూ వెళ్లాను.

"ఇవి తింటే ఏమన్నా అవుతాదా సార్?" అని అడిగాడు రైతు.

సారు గింజలు చేతిలోకి తీసుకొని ఎంతోసేపు చూశారు. "నాకు తెల్దప్పా. తెలుసుకొని చెప్తా. అంతదాకా ఈ అంచు గింజలు పిల్లోళ్లకు పెట్టొద్దు" అన్నారు.

ఇంత చదివి తెలియదంటాడేమని చుట్టూ ఉన్నవాళ్లు గొణుక్కున్నారు. ఆకలిగొన్న ఇంట ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆయన ముఖంలో చూశాను. ఆ గింజల బూజునే సీసాలో పెంచుతూ వచ్చారు, అది విషమో కాదో తేల్చాలని. తేలలేదు. "జవాబు దొరికేదాకా ఇది బతికుండాల" అనేవారు.

కర్మ జరిగే పెద్దదినం నాడు వారింటికి వెళ్లి, సీసాలుండే వసారా చూశాను. శుద్ధి పేరిట బంధువులు సారు సీసాలన్నిటినీ చింతపండూ బూడిదా వేసి తోమి, ఎండలో బోర్లించారు. తళతళ మెరుస్తున్నాయి. ఒక పెద్దాయన, మైలంతా పోయిందని నాతో తృప్తిగా చెప్పాడు. కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. ఆ బంధువులు చేసింది భక్తితోనే, ఎవరినని ఏం లాభం?

అప్పుడు ఓబుళమ్మగారు లోపలికి రమ్మని సైగ చేసింది. వంటింట్లో ఊరగాయ జాడీ వెనక నుంచి, కొంగు మాటున ఒక సీసా తీసింది. మూతికి దూది, లోపల ఓర్వకల్లు బూజు. గడప దాటనివ్వనిదాన్ని ఆ తల్లి తన జాడీల మధ్య దాచుకుంది.

"మైలని పొయ్యి ముట్టిచ్చనీలేదు నాయనా, దీనికి అంబలి తప్పిపోయింది. నువ్వు తీస్కపో. పోగు తెగనియ్యద్దు" అంది. అంతవరకు ఏడవనివాణ్ని, అక్కడ ఏడ్చాను.

సారు వంటి గురువు మళ్లీ లభించరు. తెలియనిదాన్ని తెలియదని, అదీ ఆకలి ముందు నిలబడి చెప్పగల ధీశాలి నాకు మరొకరు కనిపించలేదు. ఆ పాదాలకు ఈ శిష్యుని ప్రణామాలు.

మా ఇంట్లోనూ ఇప్పుడు అదే శాసనం పుట్టింది. నిన్న నా ఇల్లాలు లోపల నిలబడి అంబలి పోసింది, నేను గడప ఇవతల నిలబడి గిన్నె పట్టాను. ఈ పొద్దున కొత్త సీసాలో అంబలి మీద తెల్లగా సన్నని పోగులు కనిపించాయి.

తెగలేదు సార్.