గేటు బయట నాయనమ్మ

మా నాయనమ్మ మెథడిస్టు భక్తురాలు. మంచినీళ్లు తాగే ముందు కూడా కొంగు తలమీద కప్పుకొని కళ్లు మూసుకునేది. నెక్కొండ దగ్గర మా ఊళ్లో చర్చి గుడి కట్టేటప్పుడు, కడుపుతో ఉండి కూడా ఇటుకలు మోసిందట. అప్పుడు కడుపులో ఉన్నది మా బాపు.

ఆ గుడి కమిటీలో పెద్దరికం కోసమే బాపూ, చిన్నాయనా చెరో వర్గమై కొట్లాడుకున్నారు. చివరికి గేటుకు ఇద్దరూ చెరో తాళం వేశారు. ఆ ఆదివారం నాయనమ్మ ఎప్పటిలాగే తెల్లచీర కట్టుకొని వెళ్లి, గేటు బయట మట్టిలోనే మోకరించింది. బాపు పరుగెత్తుకొచ్చాడు.

"లేవే అమ్మా, మన ఇజ్జత్ పోతాంది."

"నాది గాదు బిడ్డా, మీదే పోతాంది. జర పక్కకు జరుగు, ప్రార్థన చేసుకోనియ్యి."

అప్పట్నుంచి ఎండైనా వానైనా ప్రతి ఆదివారం ఆమె అక్కడే. ఇద్దరు కొడుకుల పేర్లూ పైకి చెప్పి మరీ ప్రార్థించేది. వాళ్లు మాత్రం ఆ దారి మానేసి, ఊరు చుట్టూ తిరిగి పోయేవాళ్లు.

పోయిన ఎండాకాలం ఆమె చనిపోయింది. పెట్టెను గుడి దాకా మోసుకెళ్లాం.

"ముందు వాన్ని తాళం తియ్యమను," అన్నాడు బాపు.

"పెద్దోడు తీసినంకనే నేను తీస్త," అన్నాడు చిన్నాయన.

ఎవరూ తియ్యలేదు. పాస్టరు గారు చాలాసేపు బతిమాలి, ఆఖరికి ఆ ఎండలోనే, గేటు ముందే వాక్యం చదివారు.

సమాధుల తోటలో మాత్రం అన్నదమ్ములిద్దరూ గుండెలు బాదుకొని ఏడ్చారు. చుట్టాలంతా వాళ్లను పట్టుకొని ఓదార్చారు. నేను వాళ్ల దగ్గరికి పోలేదు.